సాదుకున్న కొడుకు

ఎవలనన్న సాదుకుందామంటే ఇయ్యాల్టికీ మన ఊర్లల్ల మొదలు అడిగేది ఒక్కటే: ఎవల బిడ్డ, ఏం కులం? నూటయాభై ఏండ్ల కిందనే సావిత్రిబాయి ఫూలే ఈ ముచ్చటను పక్కకు పెట్టింది.

మొగడు సచ్చిపోయినంక కడుపైతే, ఆడోళ్లు లోకానికి భయపడి పసిగుడ్డును సంపుకునే కాలమది. 1863ల పుణెల సావిత్రిబాయి, జోతిరావు తమ ఇంట్లనే అసోంటోళ్లకు పురుడు పోసే జాగ పెట్టిన్రు. ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన పిలగాన్ని తామే సాదుకున్నరు. పేరు యశ్వంత్. మాలీ కులపోళ్ల ఇంట్ల పెరిగి డాక్టరైండు.

1890ల జోతిరావు చనిపోయిండు. సాదుకున్నోనికి తలకొరివి పెట్టే హక్కు లేదని పాలోళ్లు అడ్డం తిరిగిన్రు. సావిత్రిబాయి వాళ్లను బతిమిలాడలే. తానే కుండ పట్టుకొని పాడె ముందు నడిచింది, చితికి నిప్పు పెట్టింది.

1897ల పుణెల ప్లేగు చెలరేగింది. తల్లీకొడుకులు ఊరి బయట దవాఖాన తెరిచిన్రు. రోగమొచ్చిన ఒక దళిత పిలగాన్ని ఆమె వీపు మీద మోసుకొచ్చింది. ఆ రోగమే అంటుకొని మార్చి 10న కన్నుమూసింది.

యశ్వంత్ ఆమె కడుపుల పుట్టలే. కానీ ఆఖరి దినాలల్ల ఆమెతోని కలిసి రోగులకు సేవ చేసింది ఆ కొడుకే. తమ్మీ, చెల్లే, ఇల్లంటే రక్తమే అనేటోళ్లకు ఈ ముచ్చట చెప్పున్రి.