క్షయము కాని నిరీక్షణ: విలియం కేరీ

ఇంగ్లాండులో చెప్పులు కుట్టి జీవించిన విలియం కేరీ గారు 1793లో సువార్తకై బంగాళమునకు వచ్చిరి. 1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము కాలిపోయి, అనేక సంవత్సరముల వ్రాతప్రతులు బూడిదయ్యెను. ఆయన దుఃఖించిరి, అయినను మరల వ్రాయ నారంభించిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనే అచ్చయ్యెను.

1823లో ఆయన కాలుజారి పడగా తుంటికి గాయమై, కఱ్ఱల ఊతతో నడిచిరి. ఆ దినములలోనే వరద వచ్చి ఆయన ప్రియమైన తోటను పాడుచేసెను. ఆయన మరల తోట వేసిరి.

1834 జూన్ 9న, 72 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించిరి. సమాధిరాతిమీద తన పనులను గాక, క్రీస్తును ఆశ్రయించిన నిరాధారుడనని మాత్రమే వ్రాయించుకొనిరి.

మన యిండ్లును దేహములును పాతగిలిపోవును. కేరీ గారు ఆనుకొనిన ప్రభువు పాతగిలడు. ఈ నెల 2 కొరింథీ 4వ అధ్యాయమును ఇంటిల్లిపాది చదివి ధ్యానించుడి.