పసిగుండెకు తొలి ముడి వేసిన డాక్టర్

మనామా: నెలలు నిండకుండానే బిడ్డ పుట్టిందనీ, గుండె దగ్గర నాళం మూసుకోలేదని డాక్టర్లు అంటున్నారనీ ఊరి నుంచి ఫోన్ వస్తే ఇక్కడ డ్యూటీలో ఉన్న తండ్రికి కాళ్లూ చేతులూ ఆడవు. ఆపరేషనా, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి మూయించడమా? ఈ రెండు దారుల్లో మొదటిది వేసిన మనిషి అమెరికా సర్జన్ రాబర్ట్ గ్రాస్.

ఆయన 1905లో బాల్టిమోర్‌లో పుట్టారు. తండ్రి పియానోలు చేసేవారు. పిల్లాడికి ఒక కన్ను సరిగ్గా కనబడదని తెలిసి గడియారాలిచ్చి విప్పి బిగించమనేవారట, పెద్దవి వచ్చాక చిన్నవి. 1931లో హార్వర్డ్‌లో డాక్టరయ్యారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా అప్పుడు అక్కడే పరిశోధనలో ఉన్నారు.

కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు కదా, అందుకని ఊపిరితిత్తుల రక్తాన్ని పక్కకు మళ్లించే చిన్న నాళం ఉంటుంది. పుట్టిన రెండు మూడు రోజులకు అదే మూసుకుంటుంది. మూసుకోకపోతే పీడీఏ అంటారు. ఊపిరితిత్తుల్లోకి రక్తం పోటెత్తి బిడ్డ ఆయాసపడుతుంది. గ్రాస్ కాలంలో దీనికి మందూ లేదు, కత్తీ లేదు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పెద్ద సర్జన్ విలియం లాడ్‌కు ఈ ఆపరేషన్ ఆలోచన నచ్చలేదు. ఆయన సెలవు మీద వెళ్లారు. 1938 ఆగస్టు 26న 33 ఏళ్ల గ్రాస్ ఏడున్నరేళ్ల పాప ఛాతీ తెరిచి, ఆ నాళానికి పట్టుదారంతో ముడి వేసేశారు. పాప బతికింది. తిరిగొచ్చిన లాడ్ మండిపడ్డారని చెబుతారు. తమాషా ఏమిటంటే, 1947లో గ్రాస్‌కు దక్కిన ప్రొఫెసర్ పదవి ఆ లాడ్ పేరు మీదిదే!

ఇంత తెగువ ఉన్నాయన కూడా ఒకచోట తప్పు లెక్క వేశారు. నీలంగా మారే పిల్లలకు అలాంటి నాళాన్నే కొత్తగా కట్టమని హెలెన్ టాసిగ్ అనే డాక్టరమ్మ అడిగితే కుదరదన్నారు. ఆమె బ్లేలాక్ దగ్గరికి వెళ్లారు. 1944 నవంబరులో ఆ ఆపరేషన్ జరిగింది. 1954లో లాస్కర్ అవార్డు ముగ్గురికీ కలిపే ఇచ్చారు.

కత్తి లేకుండా గొట్టంతో ఈ నాళాన్ని మొదట మూసింది 1967లో, బెర్లిన్‌లో, పోర్స్‌ట్‌మన్ అనే డాక్టర్. కానీ ఆ పద్ధతి కిలో కూడా లేని బిడ్డ దాకా రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. 700 గ్రాముల బిడ్డకూ వాడదగ్గ బుల్లి ప్లగ్గుకు అమెరికా 2019లో అనుమతి ఇచ్చింది.

రెంటికీ రిస్కుంది. ఆపరేషన్‌లో పక్కటెముకల మధ్య కోత పడుతుంది, గొంతు నరం దెబ్బతిని ఏడుపు బొంగురుపోవచ్చు. కానీ బిడ్డను ఇంక్యుబేటర్ వార్డు దాటించకుండానే చేయొచ్చు. గొట్టం పద్ధతిలో కోత లేదు, అయితే ప్లగ్గు జారొచ్చు, పక్క రక్తనాళానికి అడ్డుపడొచ్చు. చాలామందికి అసలు రెండూ అక్కర్లేదు, మందుతోనో దానంతటదో మూసుకుంటుంది. అందుకే ముందు అడగాల్సింది బిడ్డ బరువెంత, మూయక తప్పదా, ఇంత చిన్న పిల్లలకు ఆ డాక్టర్లు ఇదివరకు చేశారా అని.

గ్రాస్ 1988 అక్టోబరులో కన్నుమూశారు. తొలి ముడి పడిన ఆ పాప అప్పటికి అరవైకి దగ్గర పడింది. ఎనభై దాటాక కూడా బతికే ఉంది.