ఆమెకు దొరకని విరామం

మా పిన్నికి ఆపరేషనయ్యాక కరెంటు పెట్టించాలన్నారు. అయిదు వారాలు, వారానికి అయిదు రోజులు. రోజూ బస్సెక్కి వెళ్లడం, కాసేపు బల్ల మీద పడుకోవడం, తిరిగి రావడం. ఆ పెట్టేదేదో ఒక్కసారే పెట్టేస్తే పోయేది కదే అని పిన్ని ఒకటే విసుక్కునేది. నాకూ నిజమే కదా అనిపించింది. జవాబు వెతుక్కుంటూ పోతే మేరీ క్యూరీ జీవితంలో దొరికింది.

ఆమె 1867లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. అక్కడి యూనివర్సిటీలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. ఇళ్లల్లో పిల్లలకు పాఠాలు చెబుతూ ముందు అక్క చదువుకు డబ్బు పంపింది. తర్వాత 1891లో తనూ పారిస్ చేరింది. భర్త పియేర్‌తో కలిసి 1898లో పొలోనియం, రేడియం కనిపెట్టింది. 1903లో ఒకటి, 1911లో మరొకటి, రెండు నోబెల్ బహుమతులు అందుకుంది. చీకట్లో మెరిసే రేడియం గొట్టాలంటే ఆ దంపతులకు ఎంత మురిపెమో! పియేర్ రేడియాన్ని చేతికి కట్టుకుని చూస్తే చర్మం కాలి, పుండు మానడానికి వారాలు పట్టింది. మేరీ వేళ్లు బండబారి పగిలిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఎక్స్‌రే బండ్లు తయారు చేయించి తనే తీసుకెళ్లింది. ఒంటికి సరైన రక్షణ లేదు.

మన కణాల్లో డీఎన్ఏ రెండు పేటల గొలుసులా ఉంటుంది. రేడియేషన్ తగిలితే అది తెగుతుంది. ఒక పేట తెగితే, రెండో పేటను చూసి కణం అతుకు వేసుకుంటుంది. రెండూ ఒకేచోట తెగితే అతకడం కష్టం. అతుకు తప్పుగా పడొచ్చు, కణమే చనిపోవచ్చు. బాగు చేసుకోవడానికి కణానికి కొన్ని గంటల వ్యవధి కావాలి. మామూలు కణాలు ఈ పని బాగానే చేసుకుంటాయి. చాలా రకాల క్యాన్సర్ కణాలకు అంత నేర్పు లేదు.

విచిత్రమేమిటంటే, డోసును రోజుల మీద పంచి ఇస్తే చర్మం తట్టుకుంటుందని 1920లలో పొట్టేళ్ల మీద పరిశోధించి చూపిన డాక్టర్ క్లాడియస్ రెగో, పారిస్‌లో మేరీ పనిచేసిన రేడియం ఇన్‌స్టిట్యూట్‌లోనే పక్క ల్యాబ్‌కు అధిపతి! అప్పటికి డీఎన్ఏ అతుకుల సంగతి ఎవరికీ తెలియదు. రోగులకు దొరికిన ఆ విరామం మేరీకి మాత్రం దొరకలేదు. ఏళ్ల తరబడి రేడియం మధ్యే బతికింది. చివరికి ఎముకల్లోని మూలుగ రక్తాన్ని తయారు చేయడం మానేసింది. 1934 జూలై 4న, 66వ ఏట కన్నుమూసింది.

ఇదంతా పిన్నికి చెప్పాను. మధ్యమధ్య మానేస్తే క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయనీ చెప్పాను. విసుక్కోవడం మానలేదు గానీ, పిన్ని ఒక్కరోజు కూడా వెళ్లడం మానలేదు.