సుందరయ్య గారి సైకిలు

ఈ మధ్య పట్నాల్లో పాత ఉక్కు సైకిళ్ళకు మళ్ళీ గిరాకీ వచ్చింది. రేసు సైకిళ్ళు ఇప్పుడు కార్బన్‌తో చేస్తున్నారు గానీ, 1990ల దాకా టూర్ డి ఫ్రాన్స్ లాంటి పెద్ద పందేల్లో గెలిచినవి ఎక్కువగా ఉక్కు ఫ్రేములే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన మనకు ఉక్కు సైకిలు సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వంగితే సాపు చేయించుకోవచ్చు, విరిగితే వెల్డింగ్ పెట్టించుకోవచ్చు. డండా కింద నుంచి కాలు దూర్చి మనం తొక్కడం నేర్చుకున్న సైకిలు మీదే ఇంటికి బియ్యం బస్తా కూడా వచ్చేది. అలాంటి మామూలు సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళిన నాయకుడు ఒకాయన ఉన్నారు. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య గారు.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. అందులోని కులం ముక్కను ఆయనే తీసేసుకున్నారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దూకి, పదిహేడేళ్ళకే జైలుకు వెళ్ళారు. తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. ఊళ్ళో వ్యవసాయ కూలీలకు సంఘం కట్టారు. దళితులను అందరితో సమానంగా కూర్చోబెట్టి అన్నం పెట్టాలని సొంత ఇంట్లోనే పట్టుబట్టారు. బయట సభలో సమానత్వం గురించి మాట్లాడటం తేలిక. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నిలబడి అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పోరాటం అదే.

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఆయన ఒకరు. మన జిల్లా బిడ్డ అనభేరి ప్రభాకరరావు గారు 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో ప్రాణాలిచ్చింది ఆ పోరాటంలోనే. దాని చరిత్రను సుందరయ్య గారు 1972లో పెద్ద పుస్తకంగా తెచ్చారు.

1952లో రాజ్యసభకు ఎన్నికై కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు. ఢిల్లీలో కార్ల మధ్య ఆయన సైకిలు తొక్కుకుంటూ సభకు వెళ్ళేవారు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. తర్వాత హైదరాబాదులో అసెంబ్లీకి కూడా అదే వాహనం. కారు అద్దం వెనక ఉన్న నాయకుడిని పలకరించాలంటే మనకు జంకు. సైకిలు మీద పోయే మనిషిని ఎవరైనా ఆపి మాట్లాడవచ్చు. ఆ సైకిలు పేరు ఇప్పటికీ నిలిచిపోయిందంటే కారణం అదే అనుకుంటాను.

ఒక మాట మాత్రం చెప్పాలి. మనం సైకిలు తొక్కేది బస్సు కిరాయి లేక. ఆయన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేసి తొక్కారు. రెండూ ఒకటి కావు. పేదరికాన్ని పొగడటానికి ఆయన పేరు వాడుకుంటే ఆయనే ఒప్పుకోరు.

1943లో లీల గారిని పెళ్ళి చేసుకున్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నారు ఆ దంపతులు. 1978లో మళ్ళీ గన్నవరం నుంచే శాసనసభకు వచ్చారు. 1985 మే 19న కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరుతో విజ్ఞాన కేంద్రం, పక్కనే పార్కు ఉన్నాయి. పోటీ పరీక్షలకని పట్నం పోయిన మన సీనియర్లలో చాలామందికి ఆ వీధి తెలిసే ఉంటుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో బస్సు దిగి నడిచి పోవచ్చు.