కృష్ణమూర్తి ఆత్మావలోకనం

మదనపల్లెలో పుట్టి, పుట్టిన భాషను మరచిపోయి, అరువది ఏండ్లు దేశదేశాల వేదికలపై ఇంగ్లీషులో ప్రసంగించిన జిడ్డు కృష్ణమూర్తిని మనవాడని చెప్పుకొనుటకు తెలుగువారు వెనుకాడరు. ఆయన చెప్పినదానిని పరీక్షించి చూచుటలో మాత్రం ఆ ఉత్సాహం కనిపించదు. మహనీయుడని నమస్కరించి పక్కకు తొలగిపోవడం సులభం. ఆ నమస్కారాన్నే ఆయన జీవితమంతా వారించినారు.

1895 మే నెలలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా ఆయన జన్మించినారు. దేవకీదేవి అష్టమగర్భాన్ని తలచి కృష్ణమూర్తి అని పేరు పెట్టినారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో చిరకాల సభ్యుడు. పసితనంలోనే మలేరియా జ్వరం బాలుణ్ణి పట్టి పీడించింది. బడిలో పాఠం తలకెక్కేది కాదు; బెత్తం దెబ్బలు మాత్రం తప్పేవి కావు. పలక లేని పిల్లవాడు కనబడితే తన పలక ఇచ్చివేసి వట్టి చేతులతో ఇల్లు చేరేవాడు. ఒకనాడు ఇంటిలోని గడియారాన్ని ఊడదీసి, దాని లోపలి మర్మం తెలిసి తిరిగి బిగించేవరకు బడికి కదలలేదని చెబుతారు. చెట్టును, చీమల బారును, మబ్బును గంటల తరబడి చూస్తూ నిలబడే ఆ పిల్లవాణ్ణి అందరూ మందమతి అనుకొన్నారు. చూడడమనే విద్యకు ఆనాటి బడిలో మార్కులు లేవు. ఈనాటి బడిలోనూ ఉన్నట్లు తోచదు.

1905లో కడపలో తల్లి కన్నుమూసింది. ఉద్యోగ విరమణ తరువాత నారాయణయ్య 1909 జనవరిలో కుమారులను వెంటబెట్టుకొని మద్రాసులోని అడయారుకు, దివ్యజ్ఞాన సమాజ కేంద్రానికి చేరినారు. అక్కడి సముద్రతీరాన ఈ చిక్కిన బాలుణ్ణి చూచి, ఇతడు రానున్న జగద్గురువుకు వాహకుడు కాగలడని లెడ్‌బీటర్ నిర్ణయించినాడు. అనీబిసెంట్ ఆ నిర్ణయాన్ని శిరసావహించింది. 1911లో బాలుని చుట్టూ ప్రాచ్య నక్షత్ర సంఘం వెలసింది. అన్నదమ్ములు కృష్ణ, నిత్యానందలు ఇంగ్లండుకు తరలినారు. బిడ్డలను తిరిగి ఇప్పించమని తండ్రి 1912లో దావా వేసినాడు. మద్రాసు హైకోర్టులో గెలిచినాడు. 1914లో ప్రీవీ కౌన్సిలులో ఓడిపోయినాడు. ఈ వ్యాజ్యంలో న్యాయం ఎవరిదైనా, తల్లిలేని పిల్లలకు తండ్రి కూడా దూరమైనాడు. తెలుగు నాలుక మీదినుంచి జారిపోయింది. లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పలుమార్లు తప్పిన యువకుణ్ణి వేలాది జనం అవతారపురుషుడని కొలుస్తూ వచ్చినారు.

ఇంతటి పల్లకిలో కూర్చున్నవానికి తన్ను తాను చూచుకొనే అవకాశం సామాన్యంగా దొరకదు. ఆయనకు అది దుఃఖం ద్వారా దొరికింది.

తమ్ముడు నిత్యానంద క్షయరోగి. ఆతని ఆరోగ్యం కోసమే 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు అన్నదమ్ములు చేరినారు. నిత్య బ్రతుకుతాడని, ఆతని సేవ లోకానికి అవసరమని, సిద్ధపురుషులు ఆతనిని కాపాడుతారని సమాజ పెద్దలు ధైర్యం చెప్పినారు, కృష్ణమూర్తి నమ్మినారు. 1925 నవంబరులో దివ్యజ్ఞాన సమాజ స్వర్ణోత్సవాల కోసం, తమ్ముణ్ణి ఓహాయ్‌లో విడిచి, అనీబిసెంటుతో కలసి ఓడలో మన దేశానికి బయలుదేరినారు. ఓడ సూయజ్ కాలువ చేరినప్పుడు తంతి వచ్చింది. నవంబరు 13న నిత్య మరణించినాడు.

అదే గదిలో ప్రయాణం చేసిన శివరావు ఆ దినాలను గురించి చెప్పిన సంగతి ఒకటి కలదు. రాత్రివేళ కృష్ణమూర్తి వెక్కి వెక్కి ఏడుస్తూ తమ్ముణ్ణి పిలిచేవారట. ఆ పిలుపు ఒక్కొక్కప్పుడు తెలుగులో వెలువడేదట. మెలకువలో ఒక్క వాక్యమైనా కూర్చలేని భాష, మదనపల్లె, కడప ఇండ్లలో అమ్మ బ్రతికి ఉన్ననాటి భాష, నిద్రలో తిరిగి వచ్చింది. ఆయన చరిత్రలో తెలుగువానికి ఇంతకంటె దగ్గరి ఘట్టం మరొకటి లేదు.

ఓడ కొలంబో చేరేసరికి పది దినాలు గడచినవి. ఆ ముఖంలో కలవరం లేకపోవడం చూచి తోడివారు విస్మయం చెందినారు. ఆ పది దినాలలో లోపల ఏమి జరిగినదో ఆయన అనంతర బోధను బట్టి కొంత ఊహింపవచ్చు. దుఃఖానికి ఓదార్పు వెదకరాదనీ, పునర్జన్మ సిద్ధాంతంతో గాని, దైవేచ్ఛతో గాని దానిని కప్పిపుచ్చరాదనీ, దాని ఎదుట కదలక నిలబడి చూడవలెననీ ఆయన తరువాత దశాబ్దాల పాటు చెప్పినారు. పుస్తకంలో చదివి చెప్పిన మాట కాదది. పెద్దల హామీ వమ్మయినది. ఇక చూచుకొనుటకు తన మనస్సు ఒక్కటే మిగిలింది.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమ్మెన్ శిబిరంలో, అనీబిసెంట్ సమక్షంలో, మూడు వేలకు పైబడిన సభ్యుల ఎదుట ఆయన నక్షత్ర సంఘాన్ని రద్దు చేసినారు. సత్యానికి వేసిన బాట లేదనీ, ఏ మతమూ ఏ సంఘమూ మనిషిని దానివద్దకు చేర్చలేదనీ ఆ ప్రసంగ సారాంశం. కానుకగా వచ్చిన ఎయర్డే కోట దాతకు తిరిగి చేరింది. అప్పటికి ఆయనకు ముప్పది నాలుగేండ్లు. గద్దె కోసం ప్రాకులాడినవారి కథలు చరిత్రలో కొల్లలు. సిద్ధంగా ఉన్న జగద్గురు పీఠాన్ని త్రోసివేసినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చు.

తరువాత ఆయన చెప్పినదేమి? అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాల పట్టిక గీసుకొని, ప్రతిరాత్రి తప్పిపోయినచోట చుక్క పెట్టుకొనేవాడు. మన పెద్దలు దినచర్యలు వ్రాసుకొనుటలోని ఉద్దేశమూ చాలవరకు అదే. కృష్ణమూర్తి మార్గం వేరు. కేసముద్రం మార్కెట్టుకు ధాన్యం తెచ్చిన ఒక రైతును ఊహించుకొందాము. తరుగు దగ్గర వ్యాపారితో మాట పెరిగింది. సాయంకాలం ఇల్లు చేరేవరకు మనస్సులో ఆ తగవు నడుస్తూనే ఉన్నది. గడపలో అడుగు పెట్టగానే ఆ కోపం బిడ్డ మీద విరుచుకొని పడింది. రాత్రి పశ్చాత్తాపం. రేపటినుంచి శాంతంగా ఉండవలెనని శపథం. ఆ శపథాన్ని ఆయన అనుమానిస్తారు. శాంతుణ్ణి కావలెననే కోరిక రేపటి మీద ఆశ పెట్టి, ఇప్పటి కోపాన్ని చూడనీయదు. పైగా కోపం ఒకటి, దానిని అదుపు చేసే నేను మరొకటి అన్న భావన కూడా ఆయన దృష్టిలో భ్రమయే. చూచేవాడూ చూడబడేదీ ఒక్కటే మనస్సు. కనుక తగవు మనస్సులో సుడి తిరుగుతున్నప్పుడే, మంచిదనక, చెడ్డదనక, పేరైనా పెట్టక, ఏటి ప్రవాహాన్ని చూచినట్లు చూడుమంటారు. చూపులో పక్షపాతం లేకపోతే కోపం తన వేరును తానే బయటపెడుతుంది. ఆ వేరు కొంత తరుగులోనూ ఉండవచ్చు. అది వ్యాపారితో తేల్చుకోవలసిన సంగతి. బిడ్డకు దానితో నిమిత్తం లేదు.

బౌద్ధుల స్మృతి సాధనకు ఇది సమీపమని 1970ల చివర ఆయనతో చర్చించిన సింహళ భిక్షువు వాల్పోల రాహుల వంటివారు భావించినారు. కృష్ణమూర్తి ఆ పోలికకు తల ఊపలేదు. పద్ధతి అనగానే గురువు వస్తాడు, గురువు వెంట భయం వస్తుంది అన్నది ఆయన పట్టు. ఈ పట్టులో చిక్కు లేకపోలేదు. పద్ధతి వద్దన్న మాటనే అరువదేండ్లు విన్న శ్రోతలు ఎందరో ఆయననే గురువుగా చేసుకొన్నారు. అలవాటు చేయనిదే చూపు నిలుస్తుందా అన్న ప్రశ్నకు ఆయన గ్రంథాలలో నాకు అర్థమైనదింతే అని చెప్పగల సమాధానం సామాన్యునికి దొరకదు.

మరొక చిక్కు ఆయన బ్రతుకులోనే ఉన్నది. చిరకాలం ఆయన వ్యవహారాలు నడిపిన రాజగోపాల్‌తో ట్రస్టు ఆస్తులపై వ్యాజ్యం నడచి 1974లో రాజీ అయినది. రాజగోపాల్ భార్య రోజలిండ్‌తో కృష్ణమూర్తికి పెక్కేండ్లు రహస్య సంబంధం ఉండినదని వారి కుమార్తె రాధ 1991లో వెలువరించిన గ్రంథంలో వ్రాసినది. అభిమానులు నొచ్చుకొన్నారు, కొందరు ఖండించినారు. తన్ను తాను చూచుకొమ్మని లోకానికి చెప్పినవానికి కూడా ఇతరులకు చూపరాని చీకటి గది ఉండినదంటే, ఆ చూపు ఎంత కఠినమైనదో తెలుస్తుంది. నమ్మదగిన గురువు లేడన్న ఆయన మాట ఆయనకూ వర్తిస్తుంది. వర్తింపచేయవద్దని ఆయన ఏనాడూ కోరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓహాయ్‌లోనే ఉండిపోయి ఆవు పాలు పితికినారు, కూరపాదులు పెంచినారు. రచయిత ఆల్డస్ హక్స్‌లీ ప్రోత్సాహంతో కలం పట్టినారు. 1961 జూన్ నుంచి కొన్ని నెలలు వ్రాసుకొన్న నోటుపుస్తకం 1976లో అచ్చయినది. అందులో ఆత్మనింద గాని, సంకల్పాల జాబితా గాని లేవు. ఒక కొండ, ఒక చెట్టు, ఆకాశం రంగు, ఆ వెంట మనస్సు కదలిక. చీమల బారును చూచిన మదనపల్లె పిల్లవాడు ఆ పుటలలో కనిపిస్తాడు. మదనపల్లె సమీపంలోనే వెలసిన రిషివ్యాలీ పాఠశాలకు ఏటేటా వచ్చి పిల్లలతో ముచ్చటించేవారు. బెత్తం, పోటీ లేని చదువు అక్కడ ఆయన కోరినది.

1985 చివరలో, తొంబదేండ్ల వయస్సులో, దేహం శుష్కించి ఉన్నా, రిషివ్యాలీకి కడపటిసారి వచ్చినారు. 1986 జనవరి 4న మద్రాసు వసంత విహారంలో ఆఖరి ప్రసంగం చేసినారు. జనవరి 10న ఓహాయ్‌కు విమానం ఎక్కే ముందు, సాయంవేళ అడయారు సముద్రతీరానికి వెళ్ళి కొంతసేపు నడచినారు. డెబ్బది ఏడేండ్ల క్రితం లెడ్‌బీటర్ కంటబడిన తీరమే అది. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూసినారు. కర్మకాండ వద్దనీ, తన పేర వారసుడుగా గాని, వ్యాఖ్యాతగా గాని ఎవరూ నిలువరాదనీ ముందే చెప్పి ఉంచినారు.