సామంత చంద్రశేఖరుడు

పండుగ యేనాడను వివాదము పుట్టినప్పుడెల్ల మనవారు పంచాంగములను విప్పుదురు. ఆకాశమువంక చూచువారు అరుదు. ఆ ఆకాశమునే సాక్షిగా నిలిపి గ్రహగణితమును సంస్కరించిన మహనీయుడొకడు మన పొరుగుననున్న ఉత్కళదేశమున వర్ధిల్లెను. ఆయనయే సామంత చంద్రశేఖరుడు.

1835లో ఖండపడా సంస్థానపు రాజవంశమున జనించిన ఈ పండితుడు పాశ్చాత్యవిద్య నభ్యసింపలేదు. సంస్కృతముననే శాస్త్రములను చదివెను. పదునైదవయేటికే గ్రహసాధన నేర్చెను. కాని గణితము చెప్పినచోట గ్రహము కానరాకుండెను.

కోరిన దినమున గ్రహమెచ్చటనున్నదో యెరుగుటకు, యుగారంభమునుండి గడచిన దినసంఖ్యయగు అహర్గణమును దినగతిచే గుణించి మధ్యగ్రహమును సాధింతురు. దానికి మంద, శీఘ్ర ఫలములను సంస్కరింపగా స్ఫుటగ్రహము లభించును. దినగతిలో ఒక్క వికల తప్పినను పదియేండ్లకు అది ఒక భాగను మించును. శతాబ్దములు గడచినకొలది ప్రాచీనగణితము ఆకాశమునకు దూరమగుట అందుచేతనే.

చంద్రశేఖరునికి దూరదర్శిని లేదు. ఒక కర్రకు మరియొకదానిని అడ్డముగా కూర్చి మానయంత్రమును తానే చేసికొని, ఏండ్ల తరబడి రాత్రులు మేల్కొని గ్రహస్థానములను కొలిచెను. ఆ ఫలితములను సిద్ధాంతదర్పణమను సంస్కృతగ్రంథముగా తాటాకులపై రచించి 1869లో ముగించెను. శుక్రుని భగణకాలము 224.7023 దినములని ఆయన నిర్ణయించెను. ఆధునికుల గణన 224.7008. భేదము రెండు నిమిషములకు కొంచెము పైమాట. చంద్రగతిలోని మూడు వైషమ్యములను గూడ పాశ్చాత్యగ్రంథముల తోడ్పాటు లేకయే గుర్తించెను. గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగునని ఆయన మతము. భూమి నిశ్చలమను పూర్వభావమును ఆయన విడువలేకపోయెననుట దాచవలసినది కాదు.

1893లో ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదము లభించెను. ముప్పదియేండ్లు తాటాకులందే యుండిన గ్రంథము, కటకమునందలి కళాశాలాధ్యాపకుడు జోగేశచంద్ర రాయ్ కృషిచే 1899లో కలకత్తాయందు అచ్చుపడెను. 1904లో చంద్రశేఖరుడు పరమపదించెను. పూరీ జగన్నాథుని యాలయకార్యములకు ఆయన గణితము ప్రమాణమయ్యెను.

ఆంధ్రదేశమున దృగ్గణితమునకును పూర్వపద్ధతికిని నేటికిని పొత్తు కుదరలేదు. ఒక పర్వము రెండు దినములగుట మన మెరిగినదే. లోకులందరు చూచు గ్రహణమునకు దృగ్గణితమును గైకొని, ఎవరును చూడని తిథికి దానిని త్రోసిపుచ్చుట న్యాయమగునా? పూర్వసిద్ధాంతములందు చంద్రశేఖరునికి గల భక్తి మన సిద్ధాంతుల భక్తికి తీసిపోదు. అయినను ఆయన వానిని ఆకాశముతో సరిచూచి దిద్దుటకు వెనుదీయలేదు. మనవారును ఆ త్రోవ త్రొక్కుదురుగాక!