యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు, 1948) ప్రపంచ ప్రసిద్ధి గాంచిన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలుసుకోవడంలోను, ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, అమినోప్టెరిన్ వంటి ఔషధాలను రూపొందించడంలోను ఈయన ప్రముఖ పాత్ర వహించాడు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, విద్యార్థి వేతనం లేకుండానే 1922లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమాను, అనంతరం 1930లో జీవరసాయన శాస్త్రంలో పి.హెచ్.డి. పట్టాను పొందాడు.

బాల్యం, పాఠశాల విద్య

సుబ్బారావు ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్య కారణంగా ఆయన ఉద్యోగాన్ని ముందుగానే విడువవలసి రావడంతో కుటుంబ భారం తల్లిపై పడింది.

సుబ్బారావు చదువు మొదట రాజమండ్రిలో సాగింది. చదువుపై శ్రద్ధ చూపని ఈ కుమారుణ్ణి ఎలాగైనా చదివించాలని తల్లి పట్టుబట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పిన తరువాత, మూడవ ప్రయత్నంలో మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. ఆ రోజుల్లో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించాలని భావించాడు. తల్లి అందుకు సమ్మతించలేదు. చివరకు సేవకు వైద్యవృత్తి కూడా ఒక మార్గమేనని తలచి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్య విద్య

వైద్య కళాశాల ఖర్చులను మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి కలిసి భరించారు. సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది.

అది స్వాతంత్ర్యోద్యమం ఉధృతమవుతున్న కాలం. విదేశీ వస్త్రాలను బహిష్కరించాలన్న గాంధీజీ పిలుపు మేరకు సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు దుస్తులనే ధరించాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం కలిగించింది. సుబ్బారావు పరీక్షలు బాగానే వ్రాసినప్పటికీ, 1921లో ఆయనకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

పట్టాలలోని ఈ తేడా ఆయన భవిష్యత్తుపై ప్రభావం చూపింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ప్రవేశించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర ఉపన్యాసకుడిగా చేరాడు.

ఉన్నత విద్యకు పోవాలన్న నిర్ణయం

సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలోనే మరణించారు. ఉష్ణ దేశాలలో కనిపించే ఈ వ్యాధి సోకినవారికి విడువని విరేచనాలు పట్టుకుంటాయి. తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి అందక, రక్తహీనత ఏర్పడి, మనిషి క్షీణించిపోతాడు. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దీనికి తగిన మందు లేదు. తరువాత సుబ్బారావుకు కూడా ఇదే వ్యాధి సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు.

తాను చదివిన వైద్యం సోదరులను కాపాడలేకపోగా, తాను చదవని వైద్యం తనను బ్రతికించింది. ఈ అనుభవం వలన ఆయుర్వేద ఔషధాలలో రోగాన్ని నయంచేసే అంశం ఏమిటో ఆధునిక శాస్త్ర పద్ధతులతో కనుగొనాలన్న కోరిక ఆయనలో బలపడింది. అయితే అందుకు కావలసిన ప్రయోగశాల గాని, శిక్షణ గాని ఆయన పనిచేస్తున్న చోట లేవు.

అదే కాలంలో కొంకి పురుగుల వ్యాధి నివారణ పనిపై వచ్చిన ఒక అమెరికన్ వైద్యునితో ఆయనకు పరిచయం కలిగింది. పై చదువుకు అమెరికా వెళ్ళవలసిందిగా ఆ వైద్యుడు ప్రోత్సహించాడు. ఆనాడు మద్రాసు వైద్యులు పై చదువులకు ఎక్కువగా లండన్, ఎడిన్‌బరో నగరాలకు వెళ్ళేవారు. సుబ్బారావు మాత్రం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలను ఎంచుకున్నాడు.

ఈ ఎంపికకు ఆయన పుట్టిన ప్రాంతపు పరిస్థితులు కూడా అనుగుణంగానే ఉన్నాయి. గోదావరికి ఎగువన భద్రాచలం మన్యంలో మలేరియా, దిగువన డెల్టాలో బోదకాలు ప్రజలను పీడిస్తుండేవి. (భద్రాచలం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది.) ఉష్ణమండల వైద్యం ఇటువంటి వ్యాధులనే అధ్యయనం చేసే శాస్త్రం.

ప్రవేశం, ధన సహాయం

హార్వర్డ్‌లో చదువుకు వేతనం లభించలేదు. ప్రయాణానికి, రుసుములకు, జీవనానికి కావలసిన సొమ్మును ఆయనే సమకూర్చుకోవలసి వచ్చింది. బర్మాలో వ్యాపారం చేసి సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో ఉన్న ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలిన సొమ్మును మామగారైన సూర్యనారాయణమూర్తి సమకూర్చాడు.

భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి సుబ్బారావు ఓడపై బయలుదేరి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరుకున్నాడు. వీరికి కలిగిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. ఆ తరువాత సుబ్బారావు మరల భారతదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో విద్యార్థి జీవితం

బోస్టన్ చేరేనాటికి సుబ్బారావు చేతిలో ఉన్న సొమ్ము చాలా స్వల్పం. ఉష్ణమండల వైద్య పాఠశాల అధిపతి రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనను ఆదుకున్నాడు. పట్టా పొందిన వైద్యుడైనప్పటికీ సుబ్బారావు పొట్టకూటికోసం పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళల్లో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచే పని చేశాడు. ఆ విధంగానే ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేశాడు.

డిప్లొమాతో స్వదేశానికి తిరిగిరావడానికి అవకాశం ఉన్నా ఆయన హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరాడు. వ్యాధులను గుర్తించడం నేర్పే చదువు నుండి, శరీరంలో జరిగే రసాయనిక మార్పులను వివరించే చదువుకు ఆయన మారాడు. మందులోని గుణకారి అంశాన్ని వెదకాలనుకున్న వ్యక్తికి ఈ రెండవ చదువు తప్పనిసరి అయింది.

రక్తం, మూత్రం వంటి ద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు కలిసి రూపొందించి 1925లో ప్రచురించారు. ఫాస్ఫేటును ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేటుతో కలిపి క్షయీకరణం చేసినప్పుడు నీలి రంగు ఏర్పడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని లెక్కకట్టవచ్చును. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఇది జీవరసాయన విద్యార్థులకు నేటికీ పాఠ్యాంశమే.

ఈ పద్ధతి సహాయంతోనే వీరు కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని 1927లో కనుగొన్నారు. కండర సంకోచానికి గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లాలే మూలమన్న సిద్ధాంతం అప్పటికి ప్రచారంలో ఉండేది. కండరాలపై పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొంది ఉన్నారు. ఫాస్ఫోక్రియేటిన్ ఆవిష్కరణతో ఆ సిద్ధాంతాన్ని సవరించవలసి వచ్చింది. 1929లో ఫిస్క్, సుబ్బారావులు ఎ.టి.పి. అనే శక్తి వాహక పదార్థాన్ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం, అనగా 1930లో, సుబ్బారావుకు పి.హెచ్.డి. పట్టా లభించింది. బోస్టన్ చేరిన నాటి నుండి దీనికి ఎనిమిదేళ్ళు పట్టింది.

లెడర్లీ ప్రయోగశాలలో

పట్టా పొందిన తరువాత కూడా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని 1923లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేవరకు ఈ స్థితి కొనసాగింది. చట్టం మారిన తరువాత కూడా సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు.

1940లో ఆయన హార్వర్డ్‌ను వీడి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధన విభాగానికి సంచాలకుడయ్యాడు. ఆయన నాయకత్వంలో వెలువడిన ముఖ్యమైన ఫలితాలు ఇవి:

ఫోలిక్ ఆమ్లం: దీనిని కృత్రిమంగా తయారుచేసిన విషయాన్ని లెడర్లీ బృందం 1945లో ప్రకటించింది. కొద్దికాలానికే క్యూబా, ప్యూర్టోరికో ప్రాంతాలలోని స్ప్రూ రోగులకు ఇది గుణమిచ్చింది. సుబ్బారావు సోదరులను బలిగొన్న వ్యాధి ఇదే.

హెట్రజాన్: 1947లో వెలువడిన ఈ మందు బోదకాలు వ్యాధిని కలిగించే ఫైలేరియా క్రిములపై పనిచేస్తుంది. భారత ప్రభుత్వం 1955లో ప్రారంభించిన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో దీనిని వాడారు.

అమినోప్టెరిన్: ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొనే పదార్థం. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో తాత్కాలికంగా వ్యాధి ఉపశమించినట్లు 1948లో ప్రకటించాడు. ఇదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఆరియోమైసిన్: టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటి యాంటీబయాటిక్. బెంజమిన్ డగ్గర్ దీనిని కనుగొనగా 1948లో వాడుకలోకి వచ్చింది.

మరణం, స్మృతి చిహ్నాలు

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ప్రచారాన్ని కోరుకొనే స్వభావం కానందువలన స్వదేశంలో ఆయన పేరు చాలాకాలం అంతగా వినిపించలేదు. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.